నత్తకు పంపిన నవ్వులు

డేగకు చెల్లెలంటే కడుపుమంట అని చెబితే ఆ ఇంట్లో ఎవరూ నమ్మేవారు కారు. ఎలా నమ్ముతారు? ఆ పిల్లను చేయి పట్టుకుని కోర్సులో చేర్పించింది డేగే కదా! ఫారం తనే నింపింది, ఫొటో తనే అంటించింది, "ఒక్కదాన్నే పోవాలంటే విసుగమ్మా, దాన్నీ రానీ, తోడుంటుంది" అని తల్లిని బతిమాలింది కూడా తనే. అయితే తోడు అనే మాటకు డేగ నిఘంటువులో అర్థం వేరు. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఎప్పుడూ తనకన్నా ఒక మెట్టు కింద నిలబడాలి.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. తొమ్మిది నెలల తేడా. పిన్నికి వంతెనలు కట్టే చోటల్లా తిరిగే ఉద్యోగం కావడంతో ఆవిడ కూతురు చిన్నప్పటినుంచీ పెద్దమ్మ ఇంట్లోనే పెరిగింది. ఒకే గది, ఒకే అద్దం, ఒకే బల్లకు చెరోవైపు. అన్నం తినడం మొదలుకొని బూట్ల తాడు కట్టుకోవడం దాకా ఆ పిల్లకు అన్నీ నిదానమే. "నత్తా" అని మొదట పిలిచింది డేగ. ఆ పేరు వీధిలోకి, బడిలోకి, అక్కడినుంచి ఈ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోకి కూడా వెంట వచ్చింది.

డేగ పేరు మాత్రం సంపాదించుకున్నది. మొదటి ఏడాదిలో, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టిన మొదటి వారంలోనే, అందరికంటే ముందు కణాన్ని గుర్తుపట్టినందుకు ల్యాబు మాస్టారు పెట్టిన పేరది. "డేగ చూపమ్మా నీది" అన్నారాయన. ఆ ఒక్క మాట మీద డేగ ఏడాది బతికింది.

రెండో ఏడాదిలో వంద కణాల లెక్క వచ్చింది. అక్కడే కథ అడ్డం తిరిగింది.

ఆ లెక్క చెప్పడానికి తేలిక. గాజుపలక మీద రక్తపు చుక్కను పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతారు. ఎర్రకణాల గుంపులో అక్కడొకటి ఇక్కడొకటి తెల్లకణాలు కనిపిస్తాయి. వాటిలో ఐదు రకాలు. ఐదు మీటలున్న చిన్న పెట్టె ఒకటి పక్కన ఉంటుంది. ఏ రకం కనిపిస్తే ఆ మీట నొక్కాలి, ఐదింటిలోనూ చేరనిది కనిపిస్తే కాగితం మీద విడిగా రాయాలి. వంద కాగానే గంట మోగుతుంది. ఒక అంచున మొదలుపెట్టి పైకి, పక్కకు, కిందికి, మళ్ళీ పక్కకు, పొలం దున్నినట్టు వరస తప్పకుండా పలకను కదుపుతూ పోవాలి. మధ్యలో కన్ను ఎత్తితే చోటు పోతుంది. చోటు పోతే మళ్ళీ ఒకటినుంచి.

ఈ పనికి చూపొక్కటే చాలదు. నిదానం కావాలి. నిదానం అనేది ఆ ఇంట్లో ఎవరి సొత్తో చెప్పనక్కర్లేదు. నత్త కూర్చుందంటే కదలదు. ఏ రకమో తేలని కణం దగ్గర ఆగుతుంది, చూస్తుంది, ఇంకా చూస్తుంది, అప్పుడు మీట నొక్కుతుంది. మాస్టారు అదే పలకను లెక్కపెడితే ఇద్దరి లెక్కకూ ఒకటో రెండో తేడా వచ్చేది. ఒకరోజు ఆయన క్లాసందరిముందూ, "నత్త లెక్కపెట్టిన పలకను నేను మళ్ళీ చూడనవసరం లేదు" అన్నారు.

డేగ ఆ పూట అన్నం ముట్టలేదు. తలనొప్పి అని చెప్పింది. ఏకు మేకై కూర్చుందని మనసులో వందసార్లు అనుకుంది. తను పిలిచి పీట వేస్తే ఆ పీట మీద కూర్చుని తన పేరు మింగేసింది!

ఉత్త పేరే అయితే ఎలాగో ఓర్చుకునేదేమో. పెద్దాసుపత్రి ల్యాబులో ఏటా ఒక్క ఉద్యోగం ఈ కోర్సువాళ్ళకు ఇస్తారు. ఒక్కటంటే ఒక్కటే. ఆఖరి ప్రాక్టికల్ పరీక్షలో ఎవరి లెక్క మాస్టారి లెక్కకు దగ్గరగా ఉంటే వారికి. డేగ ఆ తెల్లకోటులో తనను తాను రెండేళ్ళుగా చూసుకుంటోంది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ కోటులో నత్త కనబడుతోంది. పైగా దానికి కోటు కాస్త వదులుగా ఉన్నా బాగానే నప్పుతోంది.

పరీక్షకు మూడు నెలలుందనగా పిన్ని కూతురికి కొత్త ఫోను పంపింది. ఆ సాయంత్రం నత్త ఒక పిల్లి వీడియో చూసింది. అరనిమిషం. అద్దంలో తనను చూసుకుని తనే ఉలిక్కిపడే పిల్లి. దాని వెనకే ఇంకోటి వచ్చింది, దాని వెనక ఇంకోటి. మూడు గంటలు గోడకు చేరగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మర్నాడు ల్యాబులో ఒక రకం కణాలు మాస్టారికి అరవై ఒకటి వస్తే నత్తకు నలభై ఎనిమిది వచ్చాయి.

"కళ్ళు ఇక్కడ పెట్టి మనసెక్కడ పెట్టావమ్మా?" అని మాస్టారు అడిగారు. నత్త తల వంచుకుంది.

డేగకు కడుపు చల్లబడింది. ఎన్నాళ్ళకు! ఇంటికి వచ్చే దారిలో చెల్లెలి భుజం మీద చేయి వేసి, "పోనీలేవే, ఒక్కరోజుకు ఏమవుతుంది, ఊరికే బాధపడకు" అని ఓదార్చింది కూడా. ఓదారుస్తూనే ఆలోచించింది. ఇంటి గడప తొక్కేసరికి ఆలోచన పక్వానికి వచ్చింది.

మర్నాటినుంచి నత్త ఫోనుకు వీడియోలు పంపడం మొదలుపెట్టింది.

ఇందులో తప్పేముంది? విషం పెట్టిందా, పుస్తకం చింపిందా? నవ్వుకోమని పంపింది. చూడమని మెడమీద కత్తి పెట్టలేదు కదా! చిన్నప్పుడు బొమ్మల పోటీకి ముందు నత్త పెన్సిలు ముల్లు విరిచి పెట్టెలో యథాప్రకారం పెట్టినప్పుడు ఉన్నపాటి సంకోచం కూడా ఈసారి డేగకు కలగలేదు.

ఏవంటే అవి పంపితే పని జరగదని డేగకు తెలుసు. చెల్లెలి రుచి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పిల్లులు, తప్పటడుగులు వేసే పిల్లలు, సబ్బుబిళ్ళను పల్చగా చెక్కే చేతులు, బుడగకు నురగ రాసి అది పగలకుండా గడ్డం గీసే మంగలి. ఉదయం ఏడింటికి నత్త కాలేజీలో చదువుకునే గదికి వెళుతుంది. అక్కడ పుస్తకం తెరిచే వేళకు ఒకటి. మధ్యాహ్నం రెండు. సాయంత్రం ల్యాబులో అభ్యాసం మొదలయ్యే ముందు వరసగా నాలుగు.

జవాబులు వచ్చేవి. ప్రతి వీడియోకూ మూడు నవ్వు ముఖాలు, ఒక దండం. నవ్వు ముఖాలు సరే, దండం ఎందుకో డేగకు అర్థం కాలేదు. 'దణ్ణం పెట్టే బుద్ధి ఇప్పటికైనా వచ్చింది' అనుకుని ముందుకు సాగింది.

నత్త కళ్ళు ఎర్రబడుతున్నాయి. కళ్ళకింద నల్లటి చారలు వస్తున్నాయి. 'తెల్లవార్లూ చూస్తున్నట్టుంది' అని డేగ మురిసిపోయింది. తనకొక కన్ను పోయినా పరవాలేదు, ఎదుటివారికి రెండూ పోతే చాలుననే రకం మనుషులుంటారు. తనది అలాంటి బుద్ధి అని డేగకు తట్టలేదు. తన కన్ను పోతోందని అంతకన్నా తట్టలేదు.

ఎందుకంటే పంపదగ్గ వీడియో ఒకటి దొరకాలంటే పనికిరానివి వంద చూడాలి. వంద చూశాక దొరికింది కదా అని ఆపుతుందా? దాని తరవాతది ఇంకా బాగుండవచ్చు. పుస్తకం తెరిచి నాలుగు పంక్తులు చదివేసరికి, 'మధ్యాహ్నానికి పంపడానికి ఏమీ లేదే' అని గుర్తొచ్చేది. బొటనవేలు పైకి తోసేది. పైకి, పైకి, ఇంకా పైకి. తలెత్తి చూస్తే పొద్దు వాలి ఉండేది. పక్కనున్న చెల్లెలి చేతిలో ఏముందో చూసే తీరిక కూడా ఉండేది కాదు. ఇదీ పరీక్ష పనే కదా అని సర్దిచెప్పుకునేది. పాఠాల వీడియోలు కూడా చూసేది పాపం. 'అరనిమిషంలో ఐదు రకాల కణాలు' అని ఒకావిడ చకచకా చెబుతుంటే అంతా అరటిపండు ఒలిచి పెట్టినట్టు ఉండేది. ఫోను పక్కన పెట్టాక ఆవిడ చెవులకు పెట్టుకున్న జూకాలు తప్ప ఇంకేమీ గుర్తుండేవి కావు.

ల్యాబులో మాత్రం డేగ వేగం పెరిగింది. అందరూ పావుగంట తీసుకునే లెక్కను ఐదు నిమిషాల్లో ముగించి టింగుమని గంట మోగించేది. అందరూ తలెత్తి చూసేవారు. మాస్టారికి చూపించి సరిచేయించుకోవడం మానేసి చాలా రోజులైంది. చూపిస్తే ఆయన పక్క బల్లవైపు చూసి, "నత్తకెంత వచ్చింది?" అంటారు. ఆ మాట వినడం కన్నా తన లెక్క తన దగ్గరే ఉండటం మేలు.

ఇంట్లో తల్లి ధోరణి కూడా మారింది గానీ డేగ పట్టించుకునే స్థితిలో లేదు. ఆవిడ సిటీ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళుగా ఒకే రూటు. ఏ స్టాపులో ఎవరు దిగుతారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషి ఒకరోజు వచ్చి, "ఇవాళ ఈలవేయడం మరిచిపోయానే, ఎనిమిది మందిని ముందు స్టాపుకు మోసుకుపోయాం. డ్రైవరన్న ఒకటే తిట్లు!" అంది. తిట్లు తిన్న మనిషి పకపకా నవ్వుతోంది. ఆ వారంలో అలా మూడుసార్లు జరిగింది. వయసు మీదపడుతోంది కాబోలు అనుకుని డేగ ఇంకో వీడియో వెతుక్కుంది.

పరీక్ష రోజు వచ్చింది.

అందరికీ ఒకే మనిషి రక్తం, వేరువేరు పలకలు. అరగంట సమయం. డేగ కంటిని గొట్టానికి ఆనించింది. మొదటి ఇరవై సాఫీగా పోయాయి. ఇరవై ఒకటోది ఏ రకమో తేలలేదు. పెద్దగా ఉంది, నీలంగా ఉంది, ఇదీ అదీ కాకుండా ఉంది. ఆగి చూడాలి. కానీ చేయి ఆగలేదు. పలకను జరిపే మరను బొటనవేలు తనంతట తనే తిప్పేసింది. డేగ ఉలిక్కిపడింది. వెనక్కి తిప్పింది. చోటు దొరకలేదు. మొదటినుంచి మొదలుపెట్టింది. మళ్ళీ తేలనిది ఎదురైంది, మళ్ళీ వేలు తోసేసింది. మూడు సెకన్లకు మించి ఏ బొమ్మ ముందూ ఆ వేలు నిలవనంటోంది. 'సరే, ఒక్కటి పోతే ఏమైంది' అనుకుంది. తెలిసినవి నొక్కింది, తెలియనివి దాటేసింది. ఆ రోజు గదిలో మొదటి గంట డేగదే.

చిట్టచివరి గంట నత్తది. అరగంట ముగియడానికి ఇంకా అరనిమిషం ఉందనగా మోగింది.

సాయంత్రానికి మాస్టారు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. డేగ కాగితాన్ని ఆయన చాలాసేపు చూశారు.

"ఈ పలక ఒక పదేళ్ళ పిల్లది," అన్నారు. "ఉండకూడని కణాలు వందకు ఆరు ఉన్నాయి. అవి కనబడితేనే ఆ పిల్లకు వైద్యం మొదలయ్యేది. నీ కాగితంలో ఒక్కటీ లేదు."

"కనబడలేదు సార్" అంది డేగ.

"కనబడకేం? నీది డేగ చూపు. కనబడ్డాయి, నువ్వు ఆగలేదు," అన్నారాయన. కోపంగా కాదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మూడు నెలల తరవాత మళ్ళీ పరీక్ష పెడతాం. ఈ ఏడాది ఉద్యోగం నీ చెల్లెలికి. దానికి ఆరుకు ఆరూ దొరికాయి."

ఇంటికి ఎలా నడిచి వచ్చిందో డేగకు తెలియదు. మనసులో తిరుగుతున్న ప్రశ్న ఒక్కటే. రోజుకు ఏడు, ఎనిమిది చొప్పున మూడు నెలలు పంపింది. ప్రతిదానికీ నవ్వింది కదా ఆ నత్త! అన్నీ చూసి కూడా ఆరుకు ఆరెలా పట్టింది? దాని బుర్ర దేనితో చేశారు? ఓడిపోయిన బాధకన్నా ఈ మంటే ఎక్కువగా ఉంది.

తల్లి అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. సంగతి ముందే విన్నట్టుంది, చిన్నదాన్ని కావలించుకుని పెద్దదాన్ని దగ్గరకు లాక్కుంది. తరవాత భుజాన ఉన్న టికెట్ల సంచీలోకి చేయి పెట్టి ఒక ఫోను తీసింది. నత్త ఫోను.

"ఇదిగోనే చిన్నదానా, నీ సొమ్ము. పరీక్షలైపోయాయి కదా, ఇంక నావల్ల కాదు, తీసుకో."

డేగ ఆ ఫోనువైపే గుడ్లప్పగించి చూసింది. "ఇది నీ దగ్గరెందుకుందమ్మా?"

"మూడు నెలలుగా నా దగ్గరే ఉంది. నలభై ఎనిమిది అని తప్పు లెక్క వచ్చిన మర్నాడే తెచ్చి నా సంచీలో పడేసింది, 'పెద్దమ్మా, ఇది నా దగ్గరుంటే నేను చదవను' అని. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా పెట్టించుకుంది. నువ్వు ముచ్చటపడి పంపుతుంటే చూడట్లేదని తెలిస్తే నొచ్చుకుంటావంట." తల్లి కుర్చీలో కూలబడి చెప్పులు విప్పుకుంటూ నవ్వింది. "నాదేమో మీటల ఫోనాయె. బొమ్మలు ఎప్పుడు చూశాను గనక? బస్సు చివరి స్టాపులో ఆగినప్పుడల్లా నువ్వు పంపినవే చూసేదాన్ని. ఆ మంగలాడు బుడగకు గడ్డం గీయడం ఎన్నిసార్లు చూశానో! జవాబివ్వకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని మూడు నవ్వులూ ఒక దండమూ పెట్టేదాన్ని. సరిగ్గా పెట్టానా?"

డేగ తల ఊపింది.

"ఒక్క మాట చెప్పనా?" అంది తల్లి. "చిన్నప్పుడు మీరిద్దరూ కొట్టుకు చచ్చేవాళ్ళు కదా, పెద్దయ్యాక ఏమవుతారో అని బెంగగా ఉండేది నాకు. చెల్లెలు నవ్వాలని పూటపూటా వెతికి పంపావు చూడు, ఆ బెంగంతా పోయిందే తల్లీ."

పుండు మీద కారం చల్లినా అంత మండదు. డేగ లేచి మేడమీదికి వెళ్ళిపోయింది.

ఆరేసిన బట్టలు తీసే నెపంతో నత్త వెనకే వచ్చింది. తీగమీది దుప్పటిని ఒక కొస తను పట్టుకుని రెండో కొస అక్కకు అందించింది. ఇద్దరూ మడత పెట్టారు. రెండో దుప్పటి దగ్గర డేగ ఆగింది.

"నేను నిన్ను నవ్వించడానికి పంపలేదే" అంది.

"తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"నా లెక్క తప్పిన రోజు దారిలో భుజం మీద చేయి వేసి ఓదార్చావు కదా. నువ్వెప్పుడన్నా ఓదార్చావా అక్కా? మర్నాడు పొద్దున ఏడింటికల్లా పిల్లి వీడియో వచ్చింది. అప్పుడే అర్థమైంది." నత్త దుప్పటి అంచులు కలుపుతూ అంది. "పెన్సిలు ముల్లు సంగతి కూడా తెలుసులే."

డేగ తల తిప్పుకుంది. "మరి అమ్మకు చెప్పలేదేం?"

"చెబితే ఏమొస్తుంది? పెద్దమ్మ నవ్వుతోందిగా."

"ఎంత ఓర్పే నీకు!" అంది డేగ. మెచ్చుకోలు కాదది. మంట.

"ఓర్పూ లేదు పాడూ లేదు. భయం," అంది నత్త. "నువ్వు పంపింది ఒక్కటి చూస్తే చాలు, ఆ రోజులాగే అయిపోతానని భయం. పక్కన పెట్టుకుని చూడకుండా ఉండేంత దమ్ము నాకెక్కడిది? అందుకే ఇచ్చేశా."

డేగ మడత పెట్టిన దుప్పట్లను గుండెకు అదుముకుని నిలబడింది. చూపు తనకుంది, వేగం తనకుంది, తెలివి తనకుంది. భయపడాలన్న సంగతి మాత్రం దానికే తెలిసింది. ఇన్నాళ్ళూ దాని లెక్కమీద, దాని పేరుమీద కుళ్ళుకుంది. ఇప్పుడు దాని భయం మీద కూడా కుళ్ళు పుట్టింది. అది తనకెందుకు లేకపోయింది?

సోమవారం ఉదయం తల్లి డ్యూటీకి బయలుదేరుతుంటే డేగ వెళ్ళి తన ఫోను ముందుకు చాపింది.

"ఇది కూడా నీ సంచీలో ఉంచమ్మా. మూడు నెలలు."

తల్లి రెండు అడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు తల్లీ! ఒక్కదానికే స్టాపులు తప్పాను. ఇది కూడా ఉంటే బస్సే దారి తప్పుతుంది. అయినా నీకెందుకే దాచడం, నీకెవరు పంపుతారు?"

"నాకెవరూ పంపక్కర్లేదమ్మా" అంది డేగ.

తల్లి కూతురి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఏం కనబడిందో గానీ నవ్వు ఆపేసింది. "అయితే చెల్లెలికియ్యి. దాని దగ్గరైతే భద్రం" అని ఈల మెడలో వేసుకుని మెట్లు దిగిపోయింది.

అద్దం ముందు నత్త కొత్త తెల్లకోటు గుండీలు పెట్టుకుంటోంది, ఒక్కొక్కటే, తీరిగ్గా. కోటు వదులుగానే ఉంది. బాగానే నప్పింది. డేగ వెళ్ళి ఫోను చేతిలో పెట్టింది. నత్త తెర వైపు చూడనైనా చూడకుండా దాన్ని ఆపి, కోటు జేబులో వేసుకుని, మళ్ళీ గుండీల పనిలో పడింది.

డేగ బొటనవేలు ఖాళీ అరచేతిలో ఇంకా పైకి తోస్తూనే ఉంది. దాన్ని పిడికిట్లో బిగించి, పుస్తకం తెరిచి, చెల్లెలు చివరి గుండీ పెట్టుకునేదాకా తలెత్తకూడదని పంతం పట్టింది. మూడో గుండీకే ఎత్తేసింది.